మన లెక్కకు బొమ్మ గీసేది ఎవరు?



ఈ రోజుల్లో మన గురించిన లెక్కలకు కొదవ లేదు. హాస్టల్లో ఎంతమంది పిల్లలున్నారు, వారిలో రక్తహీనత ఎంతమందికి ఉంది, ఏ గూడేనికి రోడ్డు పడింది, ఏ గూడేనికి పడలేదు, ఇవన్నీ ఎక్కడో ఒక కంప్యూటర్ తెర మీద రంగు రంగుల గడులుగా కనిపిస్తుంటాయి. ఎరుపు ఉంటే వెనుకబాటు, ఆకుపచ్చ ఉంటే పరవాలేదు. ఆ తెర ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది మన గూడెం చూసి ఉండరు. మన గూడెం వాళ్లు ఆ తెరను చూసి ఉండరు. వార్డెన్‌గా నెలనెలా ఆ లెక్కలు పంపేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ వ్యాసంలో ఒక చరిత్ర చెబుతాను. లెక్కను బొమ్మగా మార్చే పని ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు, దానితో ఏం సాధించారు అన్నదే ఆ చరిత్ర. ఇది తెలిస్తే మన బొమ్మను మనమే ఎందుకు గీసుకోవాలో కూడా తెలుస్తుంది.

మనకు కొత్త విద్య కాదు

ముందుగా ఒక మాట. సమాచారాన్ని బొమ్మగా మార్చడం కంప్యూటర్ తెచ్చిన విద్య అనుకోకండి. మన కోయల పడిగెలను గుర్తు చేసుకోండి. మూడు కోణాల గుడ్డ మీద వేల్పుల బొమ్మలు, పూర్వీకుల బొమ్మలు ఉంటాయి. డోలీ కోయలు డోలు వాయిస్తూ, ఆ బొమ్మలను చూపిస్తూ వంశ చరిత్ర చెబుతారు. ఏ గట్టువాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, వాళ్ల ఇలవేల్పు ఎవరు, ఎవరు ఎవరికి అన్నదమ్ములు అవుతారు అనే సమాచారమంతా ఆ గుడ్డలో, ఆ పాటలో ఉంటుంది. ఒకే గట్టులో పెళ్లి కుదరదని మనకు తెలుసు. అంటే వందల ఊళ్లలో ఉన్న వేల కుటుంబాల మధ్య ఎవరికి ఎవరితో ఏ సంబంధమో చెప్పే పెద్ద వల మన దగ్గర ఉంది. ఈ వలనే ఇప్పటి వాళ్లు నెట్‌వర్క్ అంటున్నారు. మన పెద్దలు దాన్ని గుడ్డ మీద, గొంతులో దాచారు.

ఆదిలాబాద్ గోండులకు కూడా నాలుగు, అయిదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగాలున్నాయి. ఆ వరుసల కథను పర్ధాన్లు కీక్రి వాయిస్తూ చెబుతారు. ఇక కదలిక సంగతి. మెస్రం వంశీయులు నాగోబా జాతర కోసం ఏటా కేస్లాపూర్ నుంచి గోదావరి హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గంగాజలం తెస్తారు. ఆ దారిలో ఏ ఊరి తర్వాత ఏ ఊరు, ఎక్కడ ఆగాలి అన్నది కాగితం మీద లేకపోయినా కాళ్లకు తెలుసు. జాతరలో జరిగే భేటింగ్‌లో ఆ వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. ఆ వలలో ఒక కొత్త ముడి పడినట్టే కదా!

కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయే దూరదేశాల కథలను పరాయి విద్యగా వినకండి. ఒకే పనిని వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు ఎలా చేశారో చూడండి.

సన్నబడిన గీత

చార్లెస్ జోసెఫ్ మినార్ ఫ్రాన్స్ దేశపు ఇంజనీరు. రోడ్లు, కాలువలు కట్టించే ఉద్యోగం ఆయనది. 1845లో ఆయనకు ఒక ప్రశ్న ఎదురైంది. దిజాన్, ముల్హౌస్ పట్టణాల మధ్య రైలు మార్గం వేయాలి. ఎటు నుంచి వేస్తే ఎక్కువమందికి పనికొస్తుంది? అప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న ప్రయాణికుల లెక్క తీసి, పటం మీద ఆ లెక్కకు తగ్గ మందంతో పట్టీలు గీశాడు. ఎక్కువ జనం తిరిగే దారి మందంగా, తక్కువ జనం తిరిగే దారి సన్నగా కనిపించింది. అంకెలు చదవడం రానివాడికి కూడా ఏ దారి ముఖ్యమో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఆయనకు పేరు తెచ్చిన పటం 1869లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 88 ఏళ్లు. 1812లో నెపోలియన్ రష్యా మీదికి చేసిన దండయాత్ర పటం అది. పోలెండ్ సరిహద్దు దగ్గర 4,22,000 మంది సైనికులతో మందంగా మొదలైన పట్టీ ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. మాస్కో చేరేసరికి 1,00,000. తిరుగు ప్రయాణాన్ని నల్లటి పట్టీగా గీశాడు. దాని కింద చలి ఎంత పడిందో చూపించే గీత ఇంకొకటి. బెరెజినా నది దాటే చోట ఆ నల్ల పట్టీ దాదాపు సగం అవుతుంది. చివరికి మిగిలింది 10,000. శవాల బొమ్మ ఒక్కటి కూడా లేదు. అయినా ఆ సన్నటి గీతను చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఇదే మినార్ గీసిన పత్తి పటాలు మనకు ఇంకా దగ్గరివి. ఐరోపాకు ఏ దేశం నుంచి ఎంత ముడి పత్తి వస్తోందో వాటిలో చూపించాడు. 1858 లెక్కలో అమెరికా నుంచి వచ్చే పట్టీ ఏరులా వెడల్పుగా ఉంటుంది. భారతదేశం నుంచి వచ్చేది సన్నం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. 1864 లెక్క పటంలో అమెరికా పట్టీ దారంలా సన్నబడి, మన దేశం పట్టీ లావెక్కింది. ఎక్కడో యుద్ధం జరిగితే ఇక్కడి నల్లరేగడి నేలలో పత్తి సాగు పెరిగింది. బేరార్ ప్రాంతం ఆ గిరాకీతోనే పత్తి సీమగా పెరిగింది.

అయితే ఆ పటంలో కనిపించేది పత్తి బేళ్లే. ఆ పత్తిని ఎవరు పండించారు, ఎవరు అప్పులపాలయ్యారు, అంతకుముందు ఆ నేలలో ఏం పండేది అన్నవి అందులో లేవు. మినార్ అబద్ధం చెప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్న పత్తి గురించి. బొమ్మ ఎంత గొప్పదైనా, గీసినవాడు అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అమ్మాయిల బడిలో కనిపించని దారాలు

రెండో కథ నా ఉద్యోగానికి బాగా దగ్గరిది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ అనే ఊళ్లో కోర్టు పంపిన అమ్మాయిలను ఉంచి చదివించే ఒక ప్రభుత్వ బడి ఉండేది. అమ్మాయిలు వేర్వేరు కుటీరాల్లో ఉండేవారు. 1932లో రెండు వారాల్లోనే 14 మంది పారిపోయారు. మామూలుగా జరిగేదానికి అది 30 రెట్లు. పారిపోయిన అమ్మాయిల గుణం మంచిది కాదనో, ఇంటి మీద బెంగ అనో అనుకోవడం తేలిక.

జేకబ్ మొరేనో అనే మానసిక వైద్యుడు, హెలెన్ హాల్ జెన్నింగ్స్ అనే పరిశోధకురాలు ఇంకో పద్ధతిలో చూశారు. ఎవరితో కలిసి ఒకే కుటీరంలో ఉండాలని ఉందో ఒక్కో అమ్మాయిని అడిగారు. ఒక్కో అమ్మాయికి ఒక సున్నా గీసి, ఎవరు ఎవరిని కోరుకున్నారో ఆ సున్నాల మధ్య గీతలు కలిపారు. అప్పుడు తెలిసింది, పారిపోవాలన్న ఆలోచన స్నేహాల దారాల వెంబడే ఒక కుటీరం నుంచి ఇంకో కుటీరానికి పాకిందని. ఆ దారాలు మొత్తం ఎలా అల్లుకుని ఉన్నాయో అమ్మాయిలకే తెలియదు. మొరేనో ఈ పనిని 1934లో పుస్తకంగా వేశాడు. సున్నాలు, గీతలతో మనుషుల సంబంధాలను గీసే పద్ధతికి అది పునాది. ఇవాళ సోషల్ మీడియా కంపెనీలు మన పరిచయాలను లెక్కగట్టడం వెనుక ఉన్నది కూడా ఇలాంటి ఆలోచనే.

హాస్టళ్లలో పనిచేసేవాళ్లకు ఈ కథ చెప్పేది ఒకటుంది. ఒక పిల్ల సంచి సర్దుకుని ఇంటికి వెళ్లిపోతే ఆ పిల్లనొక్కదాన్నే అడగడం మన అలవాటు. ఎవరి పక్కన పడుకునేది, ఎవరితో కలిసి తినేది, ఆ స్నేహితురాలు అంతకుముందే మానేసిందా అని చూడం. పిల్లలు విడివిడిగా రారు, విడివిడిగా పోరు.

ఇందులో ఒక జాగ్రత్త కూడా ఉంది. స్నేహాల బొమ్మ గీస్తే ఎవరినీ కోరుకోని పిల్ల, ఎవరూ కోరుకోని పిల్ల కూడా బయటపడతారు. ఆ బొమ్మ పేర్లతో సహా గోడకెక్కితే ఆ పిల్లకు అవమానం. గీసినవాళ్లకు ఆ బాధ్యత ఉండాలి.

లెక్కలతో నిలబడిన నల్లజాతి

ఇక మూడో కథ. మన యువత తప్పక తెలుసుకోవాల్సిన కథ ఇది.

డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ అమెరికా నల్లజాతి మేధావి. 1868లో పుట్టాడు. 1895లో హార్వర్డ్‌లో డాక్టరేట్ అందుకున్నాడు. అక్కడ ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. 1897 నుంచి జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. కానీ నల్లవాళ్లు చదువుకు, భూమికి, ఓటుకు పనికిరారని పత్రికల్లోనూ పండితుల పుస్తకాల్లోనూ రాసేవాళ్లకు లోటు లేదు.

1900లో పారిస్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. 5 కోట్ల మంది దాకా వచ్చారు. వలస దేశాల ప్రజలను వింత వస్తువుల్లా చూపించే విభాగాలు కూడా ఆ ప్రదర్శనలో ఉన్నాయి. అదే ప్రదర్శనలో అమెరికా నల్లజాతి ప్రజల జీవితం గురించి ఒక విభాగం పెట్టేలా థామస్ కాలోవే అనే నల్లజాతి న్యాయవాది కృషి చేశాడు. దాని కోసం లెక్కల బొమ్మలు తయారుచేసే పని డుబాయిస్ తీసుకున్నాడు.

కొద్ది నెలల వ్యవధిలో ఆయన, అట్లాంటాలోని ఆయన విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి దాదాపు 60 పెద్ద అట్టల మీద బొమ్మలు గీశారు. వాళ్ల దగ్గర కంప్యూటర్ లేదు. సిరా, రంగులు, కుంచె, స్కేలు, ఇవే వాళ్ల సామాను. జనగణన లెక్కలు, ప్రభుత్వ నివేదికలు, తాము సొంతంగా ఊరూరా తిరిగి సేకరించిన వివరాలు వాటికి ఆధారం.

ఒక బొమ్మ చూద్దాం. 1790 నుంచి 1870 దాకా అమెరికా నల్లవాళ్లలో బానిసలెంత, స్వేచ్ఛ ఉన్నవాళ్లెంత అన్నది అందులో ఉంది. అట్టలో ఎక్కువ భాగం నల్లటి కొండలా ఉంటుంది. పైన సన్నటి ఆకుపచ్చ పట్టీ. 1790లో స్వేచ్ఛ ఉన్నవాళ్లు 8 శాతం, 1860లో 11 శాతం. డెబ్బై ఏళ్లలో కదిలింది అంతే. ఆ తర్వాత ఆకుపచ్చ ఒక్కసారిగా కిందికి దూకుతుంది. 1870లో 100 శాతం. ఒక జాతి విముక్తి కథను రెండు రంగులతో చెప్పేశారు.

ఇంకొకటి జార్జియా నల్లవాళ్లు పట్నాల్లో ఎంతమంది, పల్లెల్లో ఎంతమంది అనే 1890 లెక్క. 10,000 మందికి మించిన పట్నాల్లో 78,139 మంది ఉంటే పల్లెల్లో 7,34,952 మంది. మామూలుగా గీస్తే పల్లెల గీత అట్ట దాటి పోతుంది. అందుకని ఆ గీతను ఎర్రగా, పాము చుట్టలా చుట్టేశారు. చూసినవాడి కన్ను ఆ చుట్ట వెంట తిరిగి తిరిగి, ఇంతమంది పల్లెల్లోనే ఉన్నారా అని ఆశ్చర్యపోవాలి.

చదువు రానివాళ్ల లెక్క మరో అట్ట మీద ఉంది. 1860లో 99 శాతం, 1870లో 92.1, 1880లో 81.6, 1890లో 67.27. 1900 దగ్గర 50 శాతం అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. ఆ ఏడాది జనగణన ఫలితం ఇంకా రాలేదు కదా! తమ జాతి గొప్పతనం చాటాలని గీసిన బొమ్మలో కూడా తెలియని అంకెను తెలిసినట్టు రాయలేదు. లెక్కలు చదివే మీరు నేర్చుకోవాల్సిన నిజాయితీ ఇది. 1874 నుంచి 1899 దాకా నల్లవాళ్లకు ఏ ఏడాదిలో ఎన్ని ఎకరాల సొంత భూమి ఉందో కూడా ఒక అట్ట మీద గీశారు. భూమి లెక్క లేకుండా ఏ జాతి లెక్కా పూర్తికాదని వాళ్లకు తెలుసు.

ఆ బొమ్మలను పారిస్‌లో అమర్చడానికి డుబాయిస్ చేతిలో పెద్దగా డబ్బు లేక ఓడలో చవక తరగతిలో ప్రయాణించాడు. ఆ ప్రదర్శనకు, దాన్ని కూర్చిన ఆయనకు పతకాలు వచ్చాయి. ఆ అట్టలు ఇప్పటికీ అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. ఫోన్‌లో కూడా చూడొచ్చు.

అయితే ఈ కథను ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. ఈ బొమ్మలు గీయడానికి ఏడాది ముందు, 1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోస్ అనే నల్లజాతి కూలీని తెల్లవాళ్ల గుంపు చిత్రహింసలు పెట్టి చంపింది. ఆ ఘటన గురించి ఆలోచించి రాసిన ఉత్తరం తీసుకుని డుబాయిస్ పత్రిక ఆఫీసుకు బయలుదేరాడు. హోస్ వేలి ఎముకలను ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టారని దారిలో విని వెనక్కి తిరిగాడు. నెల తిరిగేసరికి ఆయన పసికొడుకు డిఫ్తీరియాతో చనిపోయాడు. మనుషులను అలా చంపుతూ ఉంటే కేవలం ప్రశాంతంగా లెక్కలు రాసే శాస్త్రవేత్తగా ఉండిపోలేనని తనకు అప్పుడు అర్థమైందని తర్వాత చెప్పుకున్నాడు. 1909లో నల్లజాతి హక్కుల సంఘాన్ని స్థాపించిన వాళ్లలో ఆయన ఒకడు. అలాగని లెక్కలు వదిలేయలేదు. లెక్కకు తోడు సంఘం కూడా కావాలని తెలుసుకున్నాడు.

మన నేల మీద ఇదే ప్రశ్న

ఇప్పుడు ఇంటికి వద్దాం. 2011 జనగణన ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ తెగల జనాభా 10 కోట్ల 40 లక్షలకు పైగా, మొత్తంలో 8.6 శాతం. ఈ అంకె వెనుక వందల తెగలు, వందల భాషలు ఉన్నాయి. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జరిగే జనగణనను మొబైల్ యాప్‌తో చేస్తారు. లెక్క రాసేవాళ్లు మాతృభాష అడిగినప్పుడు మన ఇళ్లలో ఏం చెబుతాం? బడికి వెళ్తున్నాం కదా అని తెలుగు అని రాయిస్తే, ఇంట్లో కోయ మాట్లాడే అవ్వ కూడా తెలుగు లెక్కలో కలిసిపోతుంది. పటం మీద మన భాష రంగు ఆ మేరకు వెలిసిపోతుంది. తర్వాత ఎవరో ఆ పటం చూసి ఇక్కడ ఆ భాషలో పుస్తకాలు అక్కర్లేదంటారు. మాతృభాష గడిలో మనం చెప్పిందే రాయాలి. ఇంట్లో పెద్దలకు ఈ విషయం చెప్పాల్సింది మీరే.

ఇంకొకటి భూమి. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు నిర్ధారణ మొదలయ్యేది గ్రామసభలో. జీపీఎస్ పట్టుకుని పోడు భూమి చుట్టూ తిరిగితే ఫోన్ తెర మీద గీత పడుతుంది. మినార్ పట్టీ లాంటిదే అది కూడా. అయితే ఉపగ్రహ చిత్రంలో చెట్లు కనిపించాయి కాబట్టి సాగు లేదని ఎవరైనా అంటే ఏం చేయాలి? 2012లో సవరించిన నియమాలు స్పష్టంగా చెప్పాయి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. పెద్దల వాంగ్మూలం, పాత ఇళ్ల ఆనవాళ్లు, బావులు, సమాధులు, దేవర గద్దెలు కూడా సాక్ష్యాలే. ఆకాశం నుంచి తీసిన బొమ్మకు తాత జ్ఞాపకం తెలియదు. రెండింటినీ ఒకే పటం మీద పెట్టగలిగేది మీరే. ఎందుకంటే ఫోన్ వాడటం మీకు వచ్చు, తాత మాట మీకు అర్థమవుతుంది.

చిన్నగా మొదలుపెట్టండి

ఇది ఇంజనీర్లకే చేతనవుతుందని అనుకోకండి. ఒక ఏడాది మా హాస్టల్ అమ్మాయిలు, నేను కలిసి నెలవారీ గైర్హాజరును చార్టు మీద స్కెచ్ పెన్నులతో గీశాం. దాని కిందే ఊళ్లో ఏ నెలలో ఏ పని ఉంటుందో అమ్మాయిలు రాశారు. మిరప కోతల నెలల దగ్గర గీత పైకి లేచింది. తల్లిదండ్రుల సమావేశంలో ఆ చార్టు పెట్టాం. ఒకావిడ దాని మీద వేలు పెట్టి, "ఇది మేం మిరప తోటలకు పోయే నెల, చిన్నదాన్ని ఎత్తుకోవడానికి పెద్దదాన్ని పిలిపించుకున్నా" అంది. ఆ మాటతో చర్చ పిల్ల బద్ధకం నుంచి ఊళ్లో పసిపిల్లలను చూసేదెవరు అన్న వైపు మళ్లింది. ఆ తల్లికి చదవడం రాదు. గీత మాత్రం అర్థమైంది.

మీరూ ఇలా చేయొచ్చు. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మీ ఊరి ప్రశ్న ఒకటి తీసుకోండి. నీళ్ల కోసం ఎవరు ఎంత దూరం నడుస్తున్నారు? మిరప కోతలకు, పత్తి ఏరడానికి ఎవరు ఏ ఊరు పోతున్నారు? మీ అమ్మమ్మ పుట్టిన ఊరు, అమ్మ పుట్టిన ఊరు, మీ అక్కను ఇచ్చిన ఊరు కలిపితే పటం మీద ఏ వల కనిపిస్తుంది? నోటుబుక్కు చాలు. నేర్చుకుంటే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో మీ గూడెం పేరు, దారి, చెరువు ఎవరైనా చేర్చవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు.

మూడు సంగతులు మాత్రం మరవొద్దు. అడగకుండా ఎవరి వివరాలూ రాయొద్దు. వేల్పుల చోట్లు, మందు చెట్ల చోట్లు బయటి పటంలో పెట్టాలా వద్దా అన్నది పెద్దలే చెప్పాలి. తెలియని అంకె దగ్గర, డుబాయిస్ శిష్యుల్లా, ప్రశ్న గుర్తు పెట్టండి.

గీసిన బొమ్మను ముందు మీ గ్రామసభలో చూపించండి. మన పెద్దలు అందులో తప్పు దిద్దిన తర్వాతే ఆఫీసుకు తీసుకెళ్లండి.